ఆ బాలుడు సోమరి కాడు



ఈ మాసము మీకొక ఒప్పుకోలు వ్రాయుచున్నాను. దీనిని మా సంఘములో అందరియెదుట ఒకసారి చెప్పితిని. అయినను మా అల్లూరు సంఘము చిన్నది. మీ గ్రామములలోను ఇట్టి బిడ్డలు ఉందురు, నావంటి ఉపాధ్యాయులును ఉందురు. కాబట్టి పత్రికలో మరల చెప్పుట మంచిదని తోచినది.

అల్లూరు నెల్లూరు జిల్లాలో సముద్రతీరమునకు దగ్గరగా నున్నది. తూర్పున ఇసకపల్లి, ఉప్పుమళ్లు, రొయ్యలగుంటలు. పడమట కనుచూపుమేర వరికయ్యలు. 1840లో నెల్లూరునకు వచ్చిన అమెరికను బాప్టిస్టు మిషనువారు 1873లో మా ఊర స్టేషను పెట్టిరి. మా అవ్వల కాలమునుండి మేము ఆ సంఘములోని వారమే. నేను ప్రాథమిక పాఠశాలలో ముప్పది యేండ్లు పని చేసి, పింఛను పుచ్చుకొని, ఇప్పుడు ఆదివారపు బడి పిల్లలకు వాక్యము నేర్పుచున్నాను. ఇన్ని యేండ్లు పిల్లలతోనే బ్రదికితిని గనుక, పిల్లవాని ముఖము చూడగానే వాని లోపల నున్నది నాకు తెలియునని అనుకొనుచుంటిని. నా తప్పు ఆ గర్వములో మొదలైనది.

ఆ బాలుని పేరు వ్రాయను. వాని తల్లి రొయ్యల షెడ్డులో పని చేయును, తండ్రి ధాన్యపు మూటలు మోయును. వాడు 2010లో పుట్టెను. మూడవ నెలనుండి తల పెరుగసాగెను. ఒంటికి మించి తల పెరిగెను. మాడు ఉబ్బి, నుదుటి నరములు నీలముగా తేలెను. కనుగ్రుడ్లు క్రిందికి జారి, వాటిపైని తెలుపు కనబడుచుండెను. వాని అవ్వ “తల పెద్దదైతే తెలివి ఎక్కువ” అని సంతోషించెను. పొరుగువారు పక్షిదోషమనిరి. తాయెత్తు కట్టిరి. మనవారిలోనే కొందరు ఉపవాస కూడికలో ఆ తల్లిని నిలువబెట్టి, దాచిన పాపమేదైన నున్నదేమో ఒప్పుకొమ్మనిరి. ఆమె ఏమి ఒప్పుకొనునో నాకు నేటికిని తెలియదు. ఈ విధముగా దాదాపు పదకొండు నెలలు గడచినవి. 2011లో, పదునాలుగవ నెలలో, ఆ బిడ్డను వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రికి తీసికొనిపోగా, తలలో నీరు చేరినదని చెప్పి, చర్మము క్రిందుగా తలనుండి పొట్టలోనికి సన్నని గొట్టమును అమర్చిరి. దానిని షంటు అందురు. తల పెరుగుట ఆగెను. బిడ్డ బ్రదికెను. మేమందరము స్తోత్రము చెప్పి, ఆ సంగతి ముగిసినదని అనుకొంటిమి.

వాడు ఆరేండ్లవాడై ఆదివారపు బడికి రాసాగెను. నడక కొంచెము బిగుసుకొని యుండెను గాని మాట మాత్రము తేనె. ద్వారము దాటకమునుపే “వందనాలు టీచరమ్మా, మీ దూడ పాలు తాగతా ఉందా? మీ మోకాలి నొప్పి తగ్గిందా?” అని అడుగును. సంఘములోని ప్రతి ముసలమ్మ పేరును వానికి తెలియును. అందరును “అబ్బో, ఎంత తెలివిగల బిడ్డ!” అని మెచ్చుకొనిరి.

నేనొక్కతెనే మెచ్చుకొనలేదు. ఏలయనగా నోవహు ఓడ సంగతి అడిగినయెడల, వాడు ఇసకపల్లిలో వాళ్ల మామకున్న పడవ సంగతి ఎత్తుకొని, పడవ రంగు, వల వెల, మొన్న పడిన చేపలు, అన్నియు చెప్పును గాని నోవహుయొద్దకు రాడు. “కొట్టు గదిలోనుండి సుద్దముక్క తీసికొని, వచ్చునప్పుడు గడియ వేసి, పాస్టరమ్మగారిని పిలుచుకొని రా” అని పంపితినా, సుద్దముక్క రాదు, గడియ పడదు. వాడు పాస్టరమ్మగారి అరుగుమీద కూర్చుండి ఆమెతో ముచ్చటలాడుచు కనబడును. చెప్పిన పని మరచితివేమని అడిగిన నవ్వును. ఒక్కొకప్పుడు కోపము వచ్చి పలక విసరి కొట్టును. ఇంత చక్కగా మాటలాడువానికి మూడు చిన్న పనులు చేయుట రాదా? రాకేమి, ఇష్టము లేదు, వీడు పనిదొంగ. నా తీర్పు అది.

2019 నవంబరులో క్రిస్మసు నాటకము నేర్పుచుంటిమి. వానికి గొల్లవాని వేషము, రెండు మాటలు. ఆ రెండు మాటలును బాగుగా నేర్చుకొనెను. తరువాత ఒక వారములో అవి మరచెను. మరుసటి వారము నేను పాఠము చెప్పుచుండగా నిద్రపోయెను. ఎన్నడును లేనిది, నాకు వందనము చెప్పుట మానెను. ఒకనాడు ఒక ఆడపిల్లను కొట్టెను. వాని తల్లి నాయొద్దకు వచ్చి, “పొద్దున లేస్తానే తలకాయి నొప్పి అంటన్నాడు టీచరమ్మా” అనెను. నేనేమంటినో మీతో చెప్పవలెను. “పనికి రమ్మంటే అందరికీ తలనొప్పే అమ్మాయీ. నువ్వు గారం చేసి చెడగొట్టావు” అంటిని. ఆ ఆదివారము వానిని పిల్లలందరియెదుట నిలువబెట్టి, సోమరివాడని పేరు పెట్టి, గొల్లవాని వేషమును మరియొకనికి ఇచ్చితిని. వాడు ఏడువలేదు. గోడకు తల ఆనించుకొని కన్నులు మూసికొనెను. అదియును పొగరే అనుకొంటిని.

నాలుగవ దినమున వాంతులు పట్టుకొన్నవి. పిలిచిన పలుకలేదు. రాత్రివేళ ఆటోలో నెల్లూరునకును, అచ్చటనుండి వేలూరునకును తీసికొనిపోయిరి. షంటు మూసికొనిపోయినది. ఎనిమిదేండ్లుగా పనిచేసిన గొట్టము, వాని మాట తగ్గి నిద్ర ఎక్కువైన ఆ దినములలోనే మూసికొనుచుండెను. తలలో ఒత్తిడి పెరుగుచుండగా వాని నడవడి మారెను. ఆ మార్పే వ్యాధి చెప్పిన మొదటి కబురు. ఆ కబురు అందరికంటె ముందుగా నాకు అందెను. దానిని దుర్మార్గమని చదివితిని.

శస్త్రచికిత్స చేసి గొట్టము మార్చిరి. వాడు బ్రదికెను. కుడికంటి చూపు కొంత పోయినది. 2020 జనవరిలో నేను వేలూరు వెళ్లితిని. గూడూరులో రైలు మారి కాట్పాడిలో దిగువరకు దారి పొడవున ఏమి చెప్పవలెనో ఆలోచించితిని గాని, ఆ తల్లిని చూడగానే ఒక్క మాటయు రాలేదు. ఆమెయే నన్ను కూర్చుండబెట్టి కాఫీ తెచ్చి ఇచ్చెను. అచ్చటి వైద్యుడు తమిళుడు, తెలుగు నెమ్మదిగా మాటలాడును. నేను బడిపంతులమ్మనని విని, వాని తలయొక్క పటమును వెలుతురుపలకమీద పెట్టి చూపించెను. నడుమ నల్లగా పెద్ద చెరువు. దాని చుట్టు మెదడు ఒక గట్టువలె సన్నగా నున్నది. “అమ్మా, నలుపు నీళ్లు. ఇప్పుడు ఈ తెల్లదారుల సంగతి మీకు తెలియాలి” అనెను. ఆయన చెప్పినదియు, తరువాత నేను చదివి తెలిసికొన్నదియు మన కయ్యల భాషలో చెప్పెదను.

మెదడు లోపల నాలుగు చిన్న గదులున్నవి. వాటిలో స్వచ్ఛమైన నీరు ఊరుచుండును. పెద్దవారిలో దినమునకు సుమారు అరలీటరు ఊరును. ఏ సమయమందైనను లోపల నుండునది సుమారు 150 మిల్లీలీటర్లే. అనగా నీరు ఎప్పటికప్పుడు మారుచుండును. మూడవ గదినుండి నాలుగవ గదికి తూమువంటి సన్నని దారి యున్నది. దానిగుండ నీరు ప్రవహించి, మెదడు చుట్టు తిరిగి, రక్తములో కలియును. ఆ తూము పుట్టుకతోనే ఇరుకైనను, నెలలు నిండక పుట్టిన బిడ్డకు లోపల రక్తస్రావమైనను, క్షయ మెదడు పొరలకు సోకినను, వెన్నుపూస మూయక బిడ్డ పుట్టినను, నీటి దారి చెడును. ఊట మాత్రము ఆగదు. తూము మూసిన చెరువునకు కాలువ వచ్చుచునే యుండినయెడల ఏమగునో మీకు వేరుగా చెప్పనక్కరలేదు.

మెదడు పైపొర బూడిదవర్ణము గలది. అచ్చట ఆలోచన పుట్టించు కణములు కాపురమున్నవి, వాటిని ఊళ్లనుకొనుడి. దాని లోపల తెల్ల పదార్థమున్నది. అది దారుల కట్ట. ఒక ఊరినుండి మరియొక ఊరికి కబురు మోయు లక్షల కొలది పోగులు అందులోనున్నవి. ఒక్కొక్క పోగుమీద కరెంటు తీగకు తొడుగువలె మైలిన్ అను తెల్లని కొవ్వుపొర చుట్టుకొని యుండును. ఆ తొడుగున్న దారిలో కబురు వేగముగా పోవును. బిడ్డ పుట్టిన మొదటి రెండేండ్లలో ఈ తొడుగు బహు త్వరగా తయారగును.

మా ప్రాంతమున కార్తీకమాసపు తుపానులు వచ్చినప్పుడు ఊరు మెరకమీద నుండును గాని కయ్యల గట్లు మునుగును. పంతులు ఇంటిలోనే యున్నాడు, బడి తన చోటనే యున్నది, అంగడియు పడిపోలేదు. అయినను పిల్లవాడు బడికి రాలేడు, ఉప్పు కావలసినవాడు అంగడికి పోలేడు. తలలో నీరు నిలిచినప్పుడును ఇదియే జరుగును. తెల్లదారులు ఆ నీటిగదుల ఒడ్డుననే యున్నవి గనుక మొదటి దెబ్బ వాటికే తగులును. అవి సాగును. వాటిమధ్యనుండు సన్నని రక్తనాళములు నలిగి రక్తము తగ్గును. తొడుగు తయారగుట ఆలస్యమగును. కుడి మెదడును ఎడమ మెదడును కలుపు వంతెన యొకటి ఆ గదుల కప్పుమీదనే యున్నది. దాని పేరు కార్పస్ కలోసమ్. ఆ బాలుని పటములో అది విల్లువలె వంగి, తాటాకువలె పలుచనై యుండెను.

రెండు దినములలో నీరు తీసినయెడల గట్టు మరల తేలును. రెండు నెలలు నిలిచినయెడల గట్టు కరగి బురదలో కలియును. కెనడాలో డాక్టరు మార్క్ డెల్ బిజియో మొదలైనవారు జంతువులమీద పరీక్షించి కనుగొన్నదియు ఇట్టిదే: నీటిని త్వరగా మళ్లించినప్పుడు తొడుగు కొంతవరకు మరల ఏర్పడును గాని, తెగిపోయిన పోగు తిరిగి మొలవదు. పదకొండు నెలల తాయెత్తులకు మేము చెల్లించిన వెల ఇది. చెల్లించినవాడు ఆ బిడ్డ.

వాని నడవడి యంతయు ఆ పటములో నాకు కనబడెను. కాళ్లకు పోవు పోగులలో కొన్ని ఆ గది ఒడ్డుననే పోవును. అందుచేత నడక బిగిసినది. ఒక పనిని మనస్సున పట్టుకొని, దాని తరువాత రెండవది, దాని తరువాత మూడవది అని వరుస పెట్టుటకు నుదుటి భాగమునకును తక్కిన మెదడునకును నడుమ పొడవైన దారులు కావలెను, అవియే చెడినవి. మాటలు, పేర్లు, పలుకరింపులు వానికి సులభముగా వచ్చెను. అందుచేత మాట ప్రవాహమువలె వచ్చును, మాటల వెనుకనుండవలసిన కూర్పు రాదు. ఇట్టి పిల్లలు చక్కగా మాటలాడుదురు గాని ఆ మాటలలో పట్టు తక్కువని 1962లోనే స్వీడను దేశపు వైద్యులు వ్రాసిరి. అట్టి పిల్లలందరును ఒకటే విధముగా నుండరు. కొందరు చదువులో అందరితో సమానముగా నడచుదురు. అయినను చూపుతో కొలిచి చేయు లెక్కలు, శ్రద్ధ నిలుపుట, త్వరగా చేయుట, పని మొదలుపెట్టుట, ఇవి వారిలో అనేకులకు కష్టము. బయటివారికి అది సోమరితనమువలెనే కనబడును. మాటకారితనమును చూచి మనము వారినుండి ఎక్కువ ఆశించుదుము. ఆశ తీరనప్పుడు శిక్షించుదుము.

“మరి వాడు ఇక మారడా?” అని అడిగితిని. ఆ వైద్యుడు నాకు ఫ్రాన్సు దేశములోని ఒక మనుష్యుని సంగతి చెప్పెను. అది 2007లో లాన్సెట్ అను వైద్య పత్రికలో వచ్చినది. నలుబది నాలుగేండ్ల ప్రభుత్వోద్యోగి, భార్యయు ఇద్దరు బిడ్డలును కలవాడు, కాలు కొంచెము బలహీనమైనదని మార్సెయి నగరపు ఆసుపత్రికి వచ్చెను. పటము తీయగా తలలో ఎక్కువ భాగము నీరే! ఆరు మాసముల శిశువుగా నున్నప్పుడు వానికి షంటు పెట్టియుండిరి. తెలివిని కొలుచు పరీక్షలో వానికి 75 వచ్చెను, సామాన్యులకు 100. అయినను వాడు ఉద్యోగము చేసికొనుచు సంసారము నడుపుకొనుచుండెను. దేవుడు మెదడునకు ఎంతటి ఓర్పు నిచ్చెనో చూడుడి. ఈ సంగతి విని “అయితే నీరున్నను ఫరవాలేదు” అని ఎవరును అనుకొనవద్దు. మెల్లగా చేరిన నీటికి మెదడు సర్దుకొనగలదని మాత్రమే అది తెలుపుచున్నది. మా బాలునికి జరిగినట్లు ఒత్తిడి ఒక్కసారిగా పెరిగినయెడల గంటలలో ప్రాణము పోవచ్చును.

ఈ షంటు సంగతి కొంత చెప్పక మానలేను. 1955లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో జాన్ హోల్టర్ అను యంత్రపు పనివానికి వెన్నుపూస మూయని కుమారుడు పుట్టి, వాని తలలో నీరు చేరెను. అప్పటి గొట్టములు త్వరలోనే మూసికొనిపోవుచుండెను. హోల్టర్ వైద్యుడు కాడు. అయినను తన బిడ్డకొరకు కూర్చుండి, నీటిని ఒక వైపునకే పోనిచ్చు చిన్న కవాటమును తయారు చేసెను. 1956లో అది వాడుకలోనికి వచ్చెను. ఆయన కుమారుడు బాల్యములోనే మరణించెను గాని ఆ కవాటము వేలకొలది బిడ్డలను బ్రదికించెను. మన దేశములో వేలూరునందు 1949లో డాక్టరు జేకబ్ చాండి గారు మెదడు శస్త్రచికిత్స విభాగమును ప్రారంభించిరి. దేశములో అట్టి విభాగము అదియే మొదటిది. ఆయన కెనడాలో డాక్టరు పెన్‌ఫీల్డు గారియొద్ద నేర్చుకొని వచ్చిన క్రైస్తవుడు. తరువాత ఆఫ్రికాలోని ఉగాండాలో, ఎంబాలే అను ఊరి మిషను ఆసుపత్రిలో, డాక్టరు బెంజమిన్ వార్ఫ్ గారు గొట్టము పెట్టకుండనే, మెదడు గది అడుగున చిన్న ద్వారము చేసి, నీరు ఊరు భాగమును కొంత కాల్చు పద్ధతిని నడిపిరి. దూరపు పల్లెలలో గొట్టము మూసికొనినప్పుడు బిడ్డను ఆసుపత్రికి చేర్చువారు లేరను బాధనుండి ఆ పని వచ్చినది. ఇది చదివినప్పుడు మా ఊరి రాత్రి ఆటో నాకు జ్ఞాపకము వచ్చెను.

చిన్నబిడ్డలకు పెట్టిన షంటులు నూటికి ముప్పదినుండి నలుబదివరకు మొదటి సంవత్సరములోనే చెడుచున్నవి. ఎనిమిదేండ్లు నడచినదియు ఒకనాడు చెడవచ్చును. కాబట్టి తల్లులారా, షంటు గల బిడ్డకు తెల్లవారుజామున తలనొప్పి, వాంతి, ఎక్కువ నిద్ర, చూపు మసక, నడక తడబాటు కనబడినను, లేక అకారణముగా స్వభావము మారినను, ఆ దినమే బయలుదేరుడి. ఉపాధ్యాయులారా, “వీడు ఈ మధ్య చెడిపోయినాడు” అని నోట వచ్చునప్పుడు ఒక్క క్షణము ఆగుడి. పుట్టిన బిడ్డ తల చుట్టుకొలత సుమారు 34, 35 సెంటీమీటర్లు. మొదటి మూడు నెలలు నెలకు రెండు సెంటీమీటర్ల చొప్పున పెరుగును. తరువాత పెరుగుదల తగ్గి, ఏడాదికి 46 దాపునకు వచ్చును. దీనిని కొలుచుటకు కుట్టుపనివాని టేపు చాలును. మా స్త్రీల సమాజములో ఇప్పుడు బిడ్డను ప్రతిష్ఠకు తెచ్చిన ప్రతి తల్లికిని ఒక టేపు ఇచ్చుచున్నాము. తల త్వరగా పెరిగిన ప్రతి బిడ్డకును వ్యాధి యుండదు. అది వైద్యుడు తేల్చును. ఖర్చునకు భయపడి ఇంట కూర్చుండవద్దు. 2007లో ఆరోగ్యశ్రీ యను పేర మొదలై ఇప్పుడు డాక్టరు ఎన్.టి.ఆర్. వైద్య సేవ యనబడు ప్రభుత్వ పథకమున్నది. ఆసుపత్రిలో దాని బల్లయొద్ద కూర్చుండు ఉద్యోగిని అడుగుడి. పెండ్లియైన ఆడబిడ్డలు గర్భము రాకమునుపే ఫోలిక్ యాసిడ్ మాత్ర వేసికొనినయెడల వెన్నుపూస మూయని జబ్బు చాలవరకు తప్పునని 1991లో బ్రిటనులో ముగిసిన పెద్ద పరీక్ష తేల్చెను. చిన్న మాత్ర, వెలయు తక్కువ.

ముసలివారి సంగతియు ఒక మాట. ఒత్తిడి అంతగా పెరుగకుండనే వృద్ధాప్యమున మెదడు గదులలో నీరు చేరు వ్యాధి యొకటి కలదు. 1965లో కొలంబియా దేశస్థుడైన డాక్టరు సాలమోన్ హకీము గారును అమెరికాలోని డాక్టరు ఆడమ్స్ గారును దానిని వివరించిరి. పాదములు నేలకు అంటుకొన్నట్లు నడక చిక్కుకొనును, మూత్రము ఆగదు, మరపు వచ్చును, దేనిమీదను ఆసక్తి ఉండదు. వయస్సు మీద పడినదని మనము మంచమున కూర్చుండబెట్టుదుము. అట్టివారిలో కొందరు నీరు మళ్లించినప్పుడు లేచి నడచుచున్నారు. మీ ఇంట తాత అట్లున్నయెడల ఒకసారి చూపించుడి.

పుట్టుగుడ్డియైన ఒకని చూచి శిష్యులు ప్రభువును అడిగిన ప్రశ్న యోహాను సువార్త తొమ్మిదవ అధ్యాయములో మీరు చదివియుందురు. తప్పు వానిదా, తలిదండ్రులదా యని వారు అడిగిరి. ప్రభువు ఇద్దరిలో ఎవరిమీదను ఆ తప్పు మోపలేదు. ఆ అధ్యాయమును నేను ముప్పదిసార్లైనను పిల్లలకు చెప్పియుందును. చెప్పినదానను నేనే తల్లిని గారాబమని, బిడ్డను సోమరియని, ఇద్దరిమీదను మోపితిని. ప్రార్థన వలదని నేననను. ఆ రాత్రి ఆటోలో ఆ తల్లి చేసిన ప్రార్థన దేవుడు వినెనని నమ్ముచున్నాను. అయితే ఆమె ప్రార్థించుచు ఆటో ఎక్కెను. అంతకుముందు పదకొండు నెలలు మేము ఆమెను ఎక్కనీయలేదు.

నాలుగు దినములు ముందుగా తీసికొని వచ్చియుండినయెడల కుడికన్ను నిలిచియుండెనా యని వైద్యుని అడిగితిని. “చెప్పలేము అమ్మా” అనెను. ఆయన నన్ను ఓదార్చుటకును ప్రయత్నింపలేదు, నిందింపనులేదు. ఆ ‘చెప్పలేము’ నాయొద్దనే యున్నది.

2020 ఫిబ్రవరిలో వాడు బడికి తిరిగివచ్చిన ఆదివారము, ఆరాధన ముగియకముందే పాస్టరుగారి సెలవు తీసికొని నిలిచితిని. నవంబరులో పిల్లలయెదుట నేను పలికిన మాటను పేరుపెట్టి చెప్పి, అది అబద్ధమని చెప్పి, వాని తల్లిని, వానిని క్షమించుమని అడిగితిని. తల్లి కొంగు నోటికి అడ్డము పెట్టుకొనెను. వాడు మాత్రము చుట్టును చూచుచు, ఎవరిని క్షమింపవలెనో తెలియనివానివలె నిలిచెను. నేను వానిని గోడకు నిలువబెట్టిన సంగతి వానికి జ్ఞాపకము లేదు. అది నాకు మేలో కీడో ఇప్పటికిని తెలియలేదు.

అప్పటినుండి వానికి ఒకసారి ఒక్క పనియే చెప్పుచున్నాను. “సుద్దముక్క తే.” తెచ్చును. “ఇప్పుడు గడియ వేసిరా.” వేసివచ్చును. నా నోటికి మూడు పనులు ఒక్కసారి చెప్పు అలవాటు పోవుటకు రెండేండ్లు పట్టినది. చేయవలసినవాటి బొమ్మలు వరుసగా అట్టముక్కమీద గీసి, గోడకు తగిలించితిని. వాడు ఒకటి చేసి, వచ్చి చూచి, రెండవదానికి పోవును. ఇప్పుడు వానికి మీసము వచ్చుచున్నది. ఆరాధనకు ముందు కీర్తనల పుస్తకములు పంచుట వాని పని. ఒక్కొక్క వరుసయొద్ద నిలిచి ప్రతివారిని పలుకరించును గనుక ఆరాధన పది నిమిషములు ఆలస్యముగా మొదలగుచున్నది. కొందరు పెద్దలు సణుగుదురు. పాస్టరుగారు గంట పది నిమిషములు ముందు కొట్టించుచున్నారు.

పోయిన ఆదివారము నాచేత పుస్తకము పెట్టి, ఎడమకంటితో నన్ను చూచుటకు తల కొంచెము ప్రక్కకు త్రిప్పి, “వందనాలు టీచరమ్మా. మీ దూడ పాలు తాగతా ఉందా?” అని అడిగెను. ఆ దూడ గేదెయై మూడు ఈతలు ఈనినది. “తాగతా ఉంది నాయనా” అంటిని.